కొత్త అల్లాయ్ వీల్స్‌కు సరైన నట్లు, వాషర్లు: ఎంపిక నుంచి బిగింపు దాకా

వీల్స్ కొనేటప్పుడు డిజైన్ కోసం నెల రోజులు వెతుకుతాం. సైజు, రంగు, టైరు అన్నీ పదిసార్లు చూసుకుంటాం. వాటిని బండికి పట్టి ఉంచే నట్ల దగ్గరికి వచ్చేసరికి మాత్రం "పాతవే ఉన్నాయిగా, అవే వేసేయండి" అంటాం. నేనూ అదే అన్నాను. గుండ్రటి సీటు (నట్టు వీల్‌కు ఆనే భాగం) ఉన్న కంపెనీ నట్లను గరాటు ఆకారపు రంధ్రాలున్న కొత్త వీల్స్‌కు బిగించారు. ఇంపాక్ట్ గన్ (నట్లు బిగించే యంత్రం) పెడితే గట్టిగానే పట్టుకున్నాయి. మూడు వారాలు గడిచాక, నెమ్మదిగా వెళ్తున్నప్పుడు ముందు చక్రం దగ్గర టిక్ టిక్ అని చిన్న శబ్దం మొదలైంది. బ్రేకేమో అనుకున్నాను. ఆపి చూస్తే నట్ల చుట్టూ నల్లటి పొడి ఉంది. ఐదింటిలో రెండు నట్లు చేత్తోనే కదిలాయి. ముందురోజే ఇంటిల్లిపాదినీ ఆ బండిలో తీసుకెళ్లానని గుర్తొచ్చి చేతులు వణికాయి.

నట్టు బిగుసుకోవడం వేరు, అమరడం వేరు. తప్పు నట్టు కూడా బిగుసుకుంటుంది, టార్క్ రెంచ్ (పెట్టిన అంకె దాకా బిగియగానే టిక్‌మనే పానా) కూడా దానికి టిక్ అనే చెబుతుంది. అందుకే కొనేముందే ఏం చూడాలో ఇక్కడ వరసగా రాస్తున్నాను. వెర్నియర్ (సన్న కొలతలు తీసే పరికరం) ఉంటే మంచిది. లేకపోతే ఒక స్కేలు, ఒక మార్కర్ పెన్ను చాలు.

బిగింపు అంతా ఒక వెంట్రుక మందంలో ఉంది

బండి బరువంతా స్టడ్ల (నట్లు ఎక్కే మరమేకుల) మీద వేలాడుతుందని చాలామంది అనుకుంటారు. నిజం అది కాదు. నట్టు బిగించినప్పుడు స్టడ్ కొద్దిగా సాగుతుంది. సాగిన స్టడ్ గట్టి స్ప్రింగులా వెనక్కి లాగుతూ వీల్‌ను హబ్‌కు (వీల్ బిగించే ఇరుసు చివరి భాగానికి) అదిమి పెడుతుంది. ఆ ఒత్తిడి వల్ల వీల్ వెనుక ముఖానికీ హబ్ ముఖానికీ మధ్య పుట్టే రాపిడే బరువునీ, బ్రేకు వేసినప్పటి ఊపునీ మోస్తుంది. 12 మిల్లీమీటర్ల స్టడ్‌కు 105 న్యూటన్ మీటర్ల టార్క్ (తిప్పే బలం) ఇస్తే, మామూలు లెక్క ప్రకారం 40 కిలోన్యూటన్ల దరిదాపు బిగింపు వస్తుంది. అంటే ఒక్కో స్టడ్ సుమారు 4 టన్నుల బలంతో వీల్‌ను లాగి పట్టుకున్నట్టు. సీటు దగ్గర రాపిడి ఎక్కువైతే ఇందులో కొంత తగ్గుతుంది.

ఇంత బలం ఉన్నా, స్టడ్ సాగే దూరం మాత్రం ఒక వెంట్రుక మందం దరిదాపుల్లోనే ఉంటుంది. సీటు మీద నలిగిపోయే రంగు, హబ్ మీద తుప్పు పొర, అల్యూమినియంలోకి కోసుకుపోయే నట్టు అంచు, అణిగిపోయే మెత్తటి వాషర్ ఇవన్నీ ఆ వెంట్రుక మందాన్ని మింగేస్తాయి. అది పోయాక రాపిడి పోతుంది, వీల్ హబ్ మీద సన్నగా జరగడం మొదలవుతుంది, అప్పుడు స్టడ్లు అటూ ఇటూ వంగుతాయి. అదే పనిగా వంగే ఇనుప తీగ తెగినట్టు అవీ తెగుతాయి. నట్టులో మనం చూడాల్సినవన్నీ ఈ ఒక్క కారణం చుట్టూనే తిరుగుతాయి.

ముందు వీల్ రంధ్రాన్ని చూడండి

నట్టు ఎంపిక బండి నుంచి మొదలు పెడతారు చాలామంది. "ఫలానా మోడల్‌కు నట్లు ఇవ్వండి" అని అడిగితే కంపెనీ వీల్‌కు సరిపోయేవి ఇస్తారు. థ్రెడ్, అంటే మర చుట్లు, బండిని బట్టి ఉంటుంది, నిజమే. సీటు మాత్రం వీల్‌ను బట్టి ఉంటుంది. ఈ రెండూ కలిస్తేనే సరైన నట్టు.

వీల్‌ను మెత్తటి గుడ్డ మీద ముఖం పైకి ఉండేలా పడుకోబెట్టి, రంధ్రంలోకి టార్చి వేసి చూడండి. నట్టు ఆనే చోటు మూడు రకాలుగా కనిపిస్తుంది. లోపలికి పోయే కొద్దీ వంపు లేని గోడలతో సన్నబడుతూ గరాటులా ఉంటే అది కోన్ సీటు. బయట కొనే వీల్స్‌లో ఎక్కువగా ఉండేది ఇదే. మామూలుగా దాని కోణం 60 డిగ్రీలు. గోడలు వంపు తిరిగి చిన్న గిన్నెలా ఉంటే అది బాల్ సీటు. హోండా కంపెనీ అల్లాయ్స్‌లోనూ, ఫోక్స్‌వ్యాగన్, ఆడి వంటి యూరప్ కార్లలోనూ ఇదే ఎక్కువ. సీటు పళ్లెంలా చదునుగా ఉండి, దాని మధ్యలో నిలువుగా గొట్టంలాంటి రంధ్రం ఉంటే అది ఫ్లాట్ సీటు. టయోటా కంపెనీ అల్లాయ్స్ చాలావాటికి ఇదే ఉండేది. వాటి నట్లకు కింద గొట్టంలాంటి షాంకు, దాని మీద విడిపోని వాషర్ ఉంటాయి.

గరాటుకూ గిన్నెకూ తేడా కంటికి సరిగా తెలియకపోతే, విజిటింగ్ కార్డు లాంటి గట్టి అట్ట అంచును సీటు గోడకు ఆనించండి. అంచు పొడవునా తగిలితే కోన్. మధ్యలో సందు కనిపిస్తే బాల్. బాల్ సీటులో ఇంకో మెలిక ఉంది. ఆ వంపు వ్యాసార్ధం కూడా కలవాలి. హోండాలో 12 మిల్లీమీటర్లు, ఫోక్స్‌వ్యాగన్‌లో 13, మరికొన్నింటిలో 14 ఉంటుంది. చూడ్డానికి ఒకేలా ఉంటాయి, ఆనడం మాత్రం ఒకేలా ఆనవు.

ఇప్పుడు నట్టును చేత్తో ఆ రంధ్రంలో పెట్టి వేలితో అటూ ఇటూ ఊపండి. సరైనది కూర్చుంటుంది. తప్పుది ఊగుతుంది. దీనికంటే నమ్మకమైన పరీక్ష మార్కర్‌ది. నట్టు సీటు భాగమంతా మార్కర్ పూసి ఆరనివ్వండి. వీల్‌ను బండికి పెట్టి, అన్ని నట్లూ పానాతో కొద్దిగా బిగించి, విప్పి చూడండి. రంగు వెడల్పైన పట్టీలా చుట్టూ చెరిగిపోతే సీటు నిండా ఆనుతోంది. సన్నటి గీతలా మాత్రమే చెరిగితే నట్టు ఆ గీత మీదే నిలబడింది. నాలుగు టన్నుల బలమంతా ఒక గీత మీద పడితే అల్యూమినియం నలుగుతుంది. నా వీల్స్‌కు జరిగింది సరిగ్గా ఇదే. కొన్న రోజే ఈ రెండు నిమిషాల పని చేసి ఉంటే ఆ వీల్స్ పాడయ్యేవి కావు.

రంధ్రం లోపల సీటు మీద మందంగా పెయింటో పౌడర్ కోటింగో ఉంటే దాన్ని అలా వదిలేయకండి. బిగించినప్పుడు గట్టిగా అనిపించి, నాలుగు రోజులకు ఆ పూత నలిగి నట్టు వదులవుతుంది. మళ్లీ రంగు వేయించే వీల్స్‌లో ఇది తరచూ జరుగుతుంది. పూత వేసేముందే నట్టు సీట్లనూ వీల్ వెనుక ముఖాన్నీ మూసి పెట్టమని చెప్పాలి.

రంధ్రాల వరసను నట్టు సరిచేయలేదు

స్టడ్లన్నిటి మధ్యల గుండా గీసిన వృత్తం వ్యాసం, అంటే పీసీడీ, అచ్చంగా కలవాలి. 4×98 (నాలుగు స్టడ్లు, 98 మిల్లీమీటర్లు) వీల్ 4×100 హబ్ మీద కూర్చున్నట్టే ఉంటుంది. 5×112 వీల్ 5×114.3 హబ్ మీద ఎక్కించి బిగించేసే వాళ్లూ ఉన్నారు. కోన్ నట్టు స్టడ్‌ను పక్కకు లాగి ఎలాగో పట్టుకుంటుంది. స్టడ్ మాత్రం మొదటి రోజు నుంచే వంగి ఉంటుంది. ఒక నట్టు కూర్చున్నాక పక్కది కూర్చోవడానికి ఇబ్బంది పడుతుంటే అక్కడే ఆపేయండి.

మధ్య రంధ్రం సంగతి కూడా ఇక్కడే చూసుకోవాలి. బయట కొనే వీల్స్ చాలా బండ్లకు సరిపోవాలని మధ్య రంధ్రం పెద్దగా చేస్తారు. 73.1 మిల్లీమీటర్లు తరచూ కనిపించే సైజు. మీ హబ్ అంతకంటే చిన్నదైతే మధ్యలో సరైన కొలత రింగు వేయించుకోండి. కోన్, బాల్ నట్లు వీల్‌ను మధ్యకు తెచ్చుకుంటాయి. ఫ్లాట్ సీటు నట్టుకు ఆ గుణం లేదు. అక్కడ వీల్‌ను మధ్యలో నిలిపేది హబ్బో షాంకో మాత్రమే. ఫ్లాట్ సీటు వీల్‌కు రింగు లేకుండా, వదులు షాంకుతో నట్లు వేస్తే స్టీరింగ్ వణుకు తప్పదు.

థ్రెడ్: వ్యాసం ఒక్కటే కలిస్తే చాలదు

కార్లలో ఎక్కువగా కనిపించేవి ఎం12×1.5, ఎం12×1.25, ఎం14×1.5. మొదటి అంకె స్టడ్ లావు, రెండోది ఒక చుట్టుకూ పక్క చుట్టుకూ మధ్య దూరం, అంటే పిచ్, రెండూ మిల్లీమీటర్లలో. టయోటా, హోండాల్లో ఎం12×1.5 ఎక్కువ. నిస్సాన్, సుబారు, సుజుకీల్లో ఎం12×1.25 ఎక్కువ. పెద్ద బండ్లలో, యూరప్ కార్ల బోల్టుల్లో ఎం14×1.5 ఎక్కువ. ఒకే కంపెనీ వేర్వేరు మోడళ్లకు వేర్వేరుగా వాడవచ్చు కాబట్టి పేరును నమ్మి కొనకుండా కొలవండి. స్టడ్ పక్కన స్కేలు పెట్టి పది చుట్ల దూరం చూడండి. 15 మిల్లీమీటర్లు వస్తే పిచ్ 1.5. పన్నెండున్నర వస్తే 1.25.

తప్పు పిచ్ నట్టు ఒకటి రెండు చుట్లు తిరిగి ఆగిపోతుంది. ఆ తర్వాత పానా వాడితే ఇంకా తిరుగుతుంది, కానీ అది స్టడ్ థ్రెడ్‌ను కోసుకుంటూ వెళ్లడమే. కొత్త నట్టు పొడిగా, శుభ్రంగా ఉన్న స్టడ్ మీద చివరిదాకా వేళ్లతోనే తిరగాలి. ఈ ఒక్క అలవాటు ఎన్నో స్టడ్లను కాపాడుతుంది.

ఇంతకంటే ప్రమాదకరమైన తప్పు ఒకటుంది, అది సులభంగా తిరుగుతుంది కాబట్టే ప్రమాదం. అంగుళాల లెక్క వాడే బండ్లలో అర అంగుళం, అంగుళానికి 20 చుట్ల నట్టు ఉంటుంది. దాని లావు 12.7 మిల్లీమీటర్లు, పిచ్ 1.27. ఎం12×1.25 స్టడ్ మీద ఇది హాయిగా ఎక్కుతుంది, ఎందుకంటే పిచ్ దాదాపు ఒకటే. లావు మాత్రం ఎక్కువ, చుట్లు పైపైనే పట్టుకుంటాయి. సగం ఎక్కించిన నట్టును పక్కకు ఊపినప్పుడు గలగలమంటే దాన్ని తీసి పక్కన పెట్టేయండి.

ఎన్ని చుట్లు పట్టాలి

నాకు అన్నిటికంటే భయం వేసే చోటు ఇదే, ఎందుకంటే బయటి నుంచి ఏమీ కనిపించదు. నట్టు స్టడ్ మీద కనీసం స్టడ్ లావంత పొడవు పట్టుకోవాలన్నది మంచి నియమం. 12 మిల్లీమీటర్ల స్టడ్ అయితే 12 మిల్లీమీటర్లు. చుట్లలో చెప్పాలంటే ఎం12×1.5కు 8, ఎం12×1.25కు దాదాపు 10, ఎం14×1.5కు తొమ్మిదిన్నర.

అల్లాయ్ వీల్ నట్టు ఆనే చోట స్టీల్ వీల్ కంటే చాలా మందంగా ఉంటుంది. ఆ మందమంతా స్టడ్ పొడవులోంచే పోతుంది. లెక్క ఇలా తీయండి. వీల్‌ను హబ్‌కు పూర్తిగా ఆనించి ఎవరినైనా పట్టుకోమనండి. నట్టును స్టడ్ చివర పెట్టి, థ్రెడ్ పట్టిన క్షణం నుంచి సీటును తాకేవరకు వేళ్లతో తిప్పుతూ చుట్లు లెక్కపెట్టండి. నట్టు మీద ఒక చోట మార్కర్ చుక్క పెడితే లెక్క తప్పదు. ఎనిమిది కావాల్సిన చోట ఆరే వస్తే ఆ నట్టుతో బండి నడపకూడదు.

హబ్‌కూ వీల్‌కూ మధ్య స్పేసర్ అనే బిళ్ల వేస్తే ఈ లెక్క మళ్లీ మారుతుంది. 5 మిల్లీమీటర్ల స్పేసర్ 1.5 పిచ్ స్టడ్ మీద మూడు చుట్లకు పైగా తినేస్తుంది. తొమ్మిది చుట్లు పట్టిన నట్టు ఆరింటికి లోపే పడిపోతుంది. వీల్ కాస్త బయటకు రావాలని హబ్ మీద స్పేసర్‌కు బదులు వాషర్లు పేర్చడం కూడా చూశాను. అలా పేర్చితే వీల్ ముఖం మొత్తం ఆనదు, ఆ నాలుగైదు వాషర్ల మీదే నిలబడుతుంది. అది ఎంత కొద్ది దూరానికైనా చేయకూడని పని.

చుట్లు తక్కువైతే రెండు మంచి దారులు ఉన్నాయి. కోన్ సీటుతో పాటు థ్రెడ్ కిందికి పొడుగ్గా ఉండే ఎక్స్‌టెండెడ్ థ్రెడ్ నట్లు దొరుకుతాయి. వాటి కింది గొట్టం వీల్ రంధ్రంలోకి దిగి అదనంగా నాలుగైదు చుట్లు పట్టుకుంటుంది. ఆ గొట్టం పట్టేంత వెడల్పు రంధ్రానికి ఉందో లేదో కొనేముందే కొలవండి. గొట్టం రంధ్రం గోడకు రాసుకుంటే సీటు పూర్తిగా ఆనదు. రెండో దారి హబ్‌కు పొడవైన స్టడ్లు వేయించడం. ఖర్చు, శ్రమ ఎక్కువైనా నేను దీన్నే ఇష్టపడతాను.

దీనికి సరిగ్గా ఎదురైన ఇబ్బంది మూత ఉన్న నట్లతో వస్తుంది. పొడవైన స్టడ్ మీద మూత నట్టు వేస్తే, సీటు ఆనేలోపే స్టడ్ చివర మూత లోపలికి గుద్దుకుంటుంది. నట్టు ఆగిపోతుంది, రెంచ్ టిక్ అంటుంది, వీల్ మాత్రం వదులుగానే ఉంటుంది. దీన్ని పట్టుకోవడానికి నేను చేసే పని ఇది. వీల్ లేకుండా నట్టును ఖాళీ స్టడ్ మీద ఆగేవరకు తిప్పి చుట్లు లెక్కపెడతాను. తర్వాత వీల్ పెట్టి సీటును తాకేవరకు లెక్కపెడతాను. రెండో లెక్క మొదటిదానికంటే కనీసం రెండు చుట్లు తక్కువ ఉండాలి. రెండూ ఒకటే అయితే నట్టు సీటు మీద కాదు, మూత మీద ఆగుతోంది.

స్టడ్లు కాకుండా బోల్టులు ఉండే కార్లలో పాత బోల్టుతో పోల్చి చూడాలి. కొత్త వీల్ సీటు దగ్గర పాతదానికంటే ఎంత మందంగా ఉంటే బోల్టు అంతే పొడుగు కావాలి, ఎక్కువ వద్దు. మరీ పొడవైనది హబ్ వెనుక దూసుకొచ్చి చక్రం వేగాన్ని గుర్తించే ఏబీఎస్ రింగుకో హ్యాండ్‌బ్రేక్ భాగాలకో తగులుతుంది. అందుకే బోల్టులు చేత్తో ఎక్కించాక చక్రాన్ని నెమ్మదిగా ఒక చుట్టు తిప్పి వినండి. పొడవును సీటుతో కలిపి కొలిచారా, సీటు కింద నుంచి కొలిచారా అని అమ్మేవారిని అడిగి తెలుసుకోండి. బలం గుర్తుగా తల మీద సాధారణంగా 10.9 అని ఉంటుంది. మామూలు హార్డ్‌వేర్ బోల్టులు ఇక్కడ పనికిరావు.

వాషర్ ఎక్కడ వేయాలి, ఎక్కడ వేయకూడదు

ఫ్లాట్ సీటు వీల్‌కు వాషర్ తప్పనిసరి. కారణం తిరగడంలో ఉంది. నట్టు తిరుగుతూ అల్యూమినియం మీద ఒత్తితే లోహాన్ని చిదుముతుంది. మధ్యలో గట్టి ఉక్కు వాషర్ ఉంటే అది కదలకుండా ఉంటుంది, నట్టు దాని మీద తిరుగుతుంది. నట్టు ముఖం కంటే వాషర్ వెడల్పు ఎక్కువ కాబట్టి ఒత్తిడి కూడా పంచుకుపోతుంది. టార్క్ కూడా స్థిరంగా బిగింపుగా మారుతుంది.

కోన్ లేదా బాల్ నట్టు కింద మాత్రం విడి వాషర్ ఎప్పుడూ వేయకండి. చదును వాషర్ గరాటు అంచు మీద వంతెనలా నిలబడుతుంది. నట్టు సీటును తాకదు. కొన్నాళ్లకు వాషర్ వంగి లోపలికి దిగబడుతుంది, బిగింపు ఆ క్షణానే పోతుంది. నట్టు పొడుగ్గా ఉందనో, మూతకు స్టడ్ తగులుతోందనో వాషర్‌తో సర్దుబాటు చేయడం కూడా ఇలాంటిదే. నట్టే మార్చాలి. నట్టుతో కలిపి తయారుచేసిన, విడిగా తిరిగే కోన్ రింగు ఉన్న నట్లు వేరే సంగతి. అవి మంచివే, సీటును గీసుకోనివ్వవు.

వాషర్ కొనేటప్పుడు చూడాల్సినవి: గట్టిపరిచిన ఉక్కుతో చేసిందై ఉండాలి. లోపలి రంధ్రం షాంకు మీద వదులుగా ఊగకూడదు. బయటి అంచు వీల్ గుంటలో పూర్తిగా పడుకోవాలి. గుంట మూలలో ఉండే చిన్న వంపు మీద అంచు ఎక్కి నిలిస్తే వాషర్ గిన్నెలా వంగుతుంది. మామూలు వాషర్లు మెత్తగా ఉంటాయి, అణిగిపోతాయి. స్ప్రింగ్ వాషర్ వేస్తే నట్టు వదులు కాదనుకోవడం పొరపాటు. చక్రం మీద ఉండే బలానికి అది మొదటి బిగింపులోనే చదునైపోయి, దాని చీలిన అంచు వీల్‌ను గీస్తుంది. ఒక నట్టుకు ఒకే వాషర్. రెండు పేర్చవద్దు.

షాంకు పొడవు మరో ముఖ్యమైన కొలత. నట్టును వాషర్‌తో సహా విడి వీల్ రంధ్రంలో పెట్టి, వీల్ వెనుక ముఖం మీద స్కేలు అడ్డంగా పెట్టండి. షాంకు చివర స్కేలుకు తగలకూడదు, ఒకటి రెండు మిల్లీమీటర్ల సందు ఉండాలి. తగిలితే నట్టు హబ్‌ను నొక్కుతుంది, వీల్‌ను నొక్కదు. వాషర్ అరిగి పలచబడితే ఈ సందు తగ్గిపోతుందని కూడా గుర్తుంచుకోండి. అందుకే గిన్నెలా వంగిన, పగులు కనిపించే, నట్టు మీద విడిగా తిరగకుండా పట్టేసిన వాషర్లను మార్చేయాలి.

పాతకాలపు కొన్ని వీల్స్‌లో రంధ్రాలు కోలగా ఉండి రెండు మూడు పీసీడీలకు సరిపోతాయి. వాటికి రంధ్రం పక్కకు జరిగిన ప్రత్యేకమైన వాషర్లు వస్తాయి. ఒక చక్రం మీద అన్ని వాషర్లూ ఒకే దిక్కుకు, అంటే అన్నీ లోపలికో అన్నీ బయటికో ఉండాలి. ఒక్కటి తిరగబడినా వీల్ మధ్యలో కూర్చోదు. సాధ్యమైతే అలాంటి వీల్స్‌కు దూరంగా ఉండమనే చెబుతాను.

లోహం, తల, తాళం

రోజూ తిరిగే బండికి ఒకే ముక్కగా చేసిన ఫోర్జ్‌డ్ స్టీల్ నట్టును మించింది లేదు. 7075 అల్యూమినియం నట్లు తేలికగా, రంగురంగులుగా ఉంటాయి. వాటి థ్రెడ్ ప్రతి విప్పడానికీ కొంత అరుగుతుంది, ఇంపాక్ట్ గన్‌ను తట్టుకోవు. చక్రాలు తరచూ తీసి, ప్రతిసారీ పరీక్షించి, మార్చుకునే వాళ్లకే అవి. టైటానియం, స్టెయిన్‌లెస్ నట్లు స్టడ్‌కు పట్టేసి జామ్ అయ్యే స్వభావం ఉన్నవి.

ఉక్కు నట్టు మీద మెరిసే పలచని రేకు తొడిగిన రెండు ముక్కల నట్లు వద్దు. రేకు కిందికి నీళ్లు చేరి తుప్పు పడితే తల ఉబ్బుతుంది. పంక్చరైన రోజు పానా దాని మీద ఎక్కదు.

కొన్ని వీల్స్‌లో రంధ్రం ఇరుకు, మామూలు సాకెట్ దూరదు. వాటికి సన్నటి స్ప్లైన్ నట్లు (చుట్టూ నిలువు గాళ్లున్నవి), వాటికో కీ వస్తాయి. వాటికైనా, చక్రానికి ఒకటి చొప్పున వేసే లాక్ నట్లకైనా ఆ కీ బండిలోనే ఉండాలి. ఇంట్లో అలమారాలో భద్రంగా ఉన్న కీ రోడ్డు మీద దేనికీ పనికిరాదు. లాక్ నట్టును గన్‌తో బిగించనివ్వకండి, కీ పళ్లు విరిగేది అక్కడే.

స్టెప్నీ సంగతి చాలామంది మరిచిపోతారు. అది సాధారణంగా స్టీల్ వీల్, దాని సీటు కొత్త అల్లాయ్ సీటులా ఉండకపోవచ్చు. పాత కంపెనీ నట్లు ఒక చక్రానికి సరిపడా గుడ్డ సంచిలో కట్టి స్టెప్నీ పక్కనే పెట్టండి. అవి స్టెప్నీకి అమరుతున్నాయో లేదో ఇంటి దగ్గరే ఒకసారి వేసి చూసుకోండి.

బిగించే రోజు

హబ్ ముఖం, వీల్ వెనుక ముఖం వైర్ బ్రష్‌తో రుద్ది తుడవండి. తుప్పు, మట్టి, రవాణాలో అంటించిన స్టిక్కర్ ఏదీ ఉండకూడదు. బ్రేక్ డిస్కును పట్టుకోవడానికి ఫ్యాక్టరీలో స్టడ్‌కు తొడిగిన పలచని రేకు క్లిప్పులు ఉంటే తీసేయాలి. స్టడ్ థ్రెడ్లు శుభ్రంగా, పొడిగా ఉండాలి. బండి మాన్యువల్ ప్రత్యేకంగా చెప్పకపోతే నూనె, గ్రీజు, యాంటీ సీజ్ (థ్రెడ్లు పట్టేయకుండా రాసే పేస్టు) రాయవద్దు. జారుడు పెరిగితే అదే టార్క్‌కు స్టడ్ చాలా ఎక్కువగా సాగుతుంది.

నట్లన్నీ ముందు వేళ్లతో ఎక్కించండి. తర్వాత ఒకదాని తర్వాత పక్కది కాకుండా, ఎదురెదురుగా, నక్షత్రం గీసినట్టు పానాతో కొద్దికొద్దిగా బిగించండి. వీల్ సమానంగా కూర్చున్నాక, టైరు నేలను తాకి తిరగకుండా ఉండేంత మాత్రమే జాకీ దించి, టార్క్ రెంచ్‌తో అదే క్రమంలో రెండు దఫాలుగా పూర్తి చేయండి. మొదట టార్క్ అంకెలో సగం, తర్వాత పూర్తిగా. ఆ అంకె మీ బండి మాన్యువల్‌లో ఉంటుంది. ఉదాహరణకు చాలా టయోటా కార్లకు 103, హోండాలకు 108, ఫోక్స్‌వ్యాగన్ కార్లకు 120 న్యూటన్ మీటర్లు. వీల్ తయారీదారు విడిగా అంకె ఇచ్చి ఉంటే ఆ రెండూ పోల్చి, తేడా ఉంటే అడిగి తెలుసుకోండి.

పానా మీద కాలితో తొక్కి బిగించడం బలం కాదు. స్టడ్ స్ప్రింగులా వెనక్కి లాగే హద్దు దాటి సాగిపోతే మళ్లీ కోలుకోదు. టార్క్ రెంచ్ ఒకసారి టిక్ అన్నాక ఆపండి, అదే నట్టు మీద మళ్లీ మళ్లీ టిక్ అనిపించవద్దు. షాపులో చేయిస్తే, "గన్‌తో చివరిదాకా వద్దు, చివరి బిగింపు రెంచ్‌తో నా ముందే చేయండి" అని అడగండి. మంచి మెకానిక్ ఎవరూ దానికి చిన్నబుచ్చుకోరు.

తర్వాతి వారం

80 నుంచి 160 కిలోమీటర్లు తిరిగాక, చక్రాలు చల్లబడి ఉన్నప్పుడు అదే టార్క్‌తో మళ్లీ చూడండి. కొత్త సీట్ల మీద పూత, గరుకుతనం కొంత అణగడం సహజం, కాబట్టి మొదటిసారి ఒకటి రెండు నట్లు కొంచెం తిరగొచ్చు. మరో వంద కిలోమీటర్ల తర్వాత చూసినప్పుడు ఏదీ తిరగకూడదు. రెండోసారి కూడా తిరిగిన నట్టును బిగించి వదిలేయకండి. వీల్ విప్పి సీటు, వాషర్, చుట్ల లెక్క మొదటి నుంచి చూడండి.

నట్టు చుట్టూ నల్లటి పొడి గానీ తుప్పు చారలు గానీ, నెమ్మదిగా వెళ్తున్నప్పుడు టిక్ టిక్ శబ్దం గానీ, ఉన్నట్టుండి మొదలైన స్టీరింగ్ వణుకు గానీ కనిపిస్తే అక్కడే పక్కకు ఆపాలి. ఇంటిదాకా వెళ్లి చూద్దాం అనుకోవద్దు. వదులు నట్లతో తిరిగిన వీల్ రంధ్రాలు కోలగా సాగి ఉంటే ఆ వీల్ ఇక పనికిరాదు. కొత్త నట్టు దాన్ని బాగు చేయలేదు. ఒక స్టడ్ తెగితే దాని భారం మోసిన పక్క స్టడ్లనూ, వీలైతే ఆ హబ్ మీది అన్నిటినీ మార్పించండి. నేను ఐదు స్టడ్లూ మార్పించి, ముందువైపు వీల్స్ రెండింటినీ తుక్కుకు వేశాను. వెనుకవి రెండూ సీట్లు పరీక్షించి, కోన్ నట్లతో, ఎనిమిది చుట్ల లెక్క సరిచూసుకుని మళ్లీ బిగించాను. ప్రతి నట్టు మీద నుంచి వీల్ మీదికి తెల్ల పెయింట్ పెన్నుతో సన్న గీత గీసి పెట్టాను. బండి ఎక్కేముందు ఒకసారి చుట్టూ తిరిగి, గీతలన్నీ కలిసే ఉన్నాయో లేదో చూస్తాను.